హెప్సి నిన్నే పిలిచింది

షారోనూ, నేను హాస్పిటల్‌కి డ్యూటీకి వెళ్తున్నానే. మధ్యాహ్నం హెప్సిని కింద పూల్‌కి తీసుకెళ్తే ఆ గాలి ఊదిన మొసలి బొమ్మ వద్దు. ఈత కొట్టేవాళ్ళకి అడ్డంగా ఉందని పక్క ఫ్లాట్ ఆంటీ మళ్ళీ అంది. చిన్న బాతు చాలు. బాతు ఉంది కదా అని ఫోన్ చూస్తూ కూర్చోకు, చేతికందేంత దూరంలో ఉండు. వచ్చేటప్పుడు బొమ్మలన్నీ బయటికి తీసెయ్. నీళ్ళలో బొమ్మ కనబడితే చిన్నపిల్లలు అందుకోవాలని వంగుతారు.

నిన్న హెప్సి కాలు జారినప్పుడు పక్కనున్నది నేను. అయినా "పిన్నీ!" అని అరిచింది. కన్నది నేను కదే! శనివారం నాకు సెలవు. ఆ రోజు నేనొక్కదాన్నే తీసుకెళ్తా. నువ్వు ఇంట్లో చదువుకో.

అక్క

తా.క. వద్దులే, శనివారం నువ్వూ రా. నువ్వు లేకపోతే అది నీళ్ళలోకి దిగదు. కాకపోతే అది నా చేతుల్లో ఉన్నంతసేపూ నువ్వు మాట్లాడకు.