ఓడిన చక్రం

తేదీ: 12, బుధవారం
షాపులో, మధ్యాహ్నం

చిరంజీవి బావమరిదికి,

మీ బావ ఆశీస్సులు. మేమంతా ఇక్కడ కులాసా, నువ్వూ అక్కడ కులాసా అని తలుస్తాను అని మొదలుపెట్టడం మర్యాద. మొదలుపెట్టాను, మర్యాద అయిపోయింది. ఇక్కడ ఎవరూ కులాసాగా లేరు. సోమవారం నుంచి నా చేతులు నా మాట వినడం లేదు. ఈ ఉదయం ఒక పంక్చరు వేయబోయి అదే ట్యూబుకి ఇంకో రెండు చిల్లులు పొడిచాను. సైకిలు తెచ్చినాయన నా మొహం చూసి, మళ్లీ వస్తాలెండి అని నెమ్మదిగా బండి నడిపించుకుంటూ వెళ్లిపోయాడు.

ఆరేళ్ల తరువాత ఈ ఉత్తరమేమిటి, ఫోను లేదా అంటావు. ఉంది. నిన్న రెండుసార్లు చేశాను. నువ్వు హలో అనగానే పెట్టేశాను. ఎవడో పనిలేనివాడు అని తిట్టుకునే ఉంటావు. ఆ పనిలేనివాణ్ని నేనే.

జరిగింది వరసగా చెబుతాను. నువ్వు వెళ్లేనాటికి మన పిడుగుకి పదకొండేళ్లు. ఇప్పుడు పదిహేడు. నా కూతురని కాదు గానీ, కొండ మీది నుంచి సైకిలు దింపడంలో ఈ చుట్టుపక్కల దాన్ని మించినవాళ్లు లేరు. ఈ ఆదివారం మన కొండ మీదే పోటీ. మొదట వచ్చినవాళ్లని జిల్లా జట్టులోకి తీసుకుంటారు. రెండేళ్లుగా అది ఈ ఒక్క ఆదివారం కోసమే బతుకుతోంది. నేను చేసి ఇచ్చిన చిన్న చక్రాల బండి మీద దాని వేగం ఒకచోట ఆగిపోయింది. ఎంత తొక్కినా ఒక్క సెకను కూడా తగ్గడం లేదు.

సోమవారం ట్యూబులు తేవడానికి నేను బయటికి వెళ్లాను. వచ్చేసరికి గోడ మీద చక్రం లేదు.

ఏ చక్రమో నీకు తెలియదు కదూ. పందెంలో ఓడిపోయిన నీ పెద్ద చక్రం, వెనకది. నువ్వు వెళ్లిన మర్నాడే దాన్ని నా కుర్చీకి ఎదురుగా గోడకి వేలాడదీశాను. కింద అట్టముక్క మీద "ఓడిన చక్రం" అని రాసి పెట్టాను. ఎవరైనా వచ్చి, కొండ దిగడానికి పెద్ద చక్రాలు మంచివటగా అని నోరు తెరిస్తే చాలు, అదుగో చూడండి అని వేలు చూపించేవాణ్ని. ఆరేళ్లలో ఆ కథ ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్క లేదు.

మన వాదన గుర్తుందా? అన్నాల దగ్గర నువ్వు కంచం నిలబెట్టి గరిటె మీంచి దొర్లించేవాడివి, చూడు బావా, ఎక్కి దిగిపోయింది అని. తరువాత గ్లాసు దొర్లించేవాడివి, చూడు, తన్నుకుని ఆగిపోయింది అని. చక్రం పెద్దదైతే రాయిని పట్టించుకోదు, అందుకున్న వేగం పోదు అన్నది నీ మాట. మలుపు దగ్గర పెద్ద చక్రం తిప్పడమంటే మంచాన్ని ఇరుకు గుమ్మంలోంచి దూర్చడమే అన్నది నా మాట. ఏడాది పాటు నడిచింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మీ అక్క విసిగిపోయి, ఇద్దరూ కొండకి వెళ్లి తేల్చుకోండి, నా కంచాలు సొట్టలు పోతున్నాయి అంది.

తేల్చుకున్నాం. చట్రాలు నేను వెల్డింగు చేశాను, చక్రాలు నువ్వు కట్టావు. రెండు బళ్లు, ఒకే దారి, మూడేసి పరుగులు. తొక్కేది నేనే, ఎందుకంటే నీకు మోకాలి నొప్పి. పైన నువ్వు జెండా పట్టుకున్నావు. కింద మీ అక్క గడియారం పట్టుకుంది. మధ్యలో నేను తప్ప ఎవరూ లేరు. చిన్న చక్రాలు నాలుగు సెకన్ల తేడాతో గెలిచాయి. ఓడినవాడి మాట ఇక షాపులో చెల్లదని ముందే అనుకున్నాం కాబట్టి, వారం తిరక్కుండా చక్రాలు కట్టే నీ స్టాండూ పనిముట్లూ సర్దుకుని వెళ్లిపోయావు. ఓడిపోవడం చేతకాని మనిషి అని నీ గురించి అందరికీ చెప్పాను.

ఇక సోమవారం సంగతి. పిడుగు ఆ చక్రం దింపి, ఎండిపోయిన టైరు ఊడదీసి, రిమ్ము చుట్టూ ఉన్న పాత టేపు లాగుతోంది. అటక మీది పెద్ద చట్రం, ముందు చక్రం అప్పటికే కింద ఉన్నాయి. నేను అరవబోయాను. అది తలెత్తకుండా, మావయ్య ఇందులో ఏదో రాశాడు నాన్నా అంది.

నీ అలవాటు నాకు తెలియనిది కాదు. చక్రం కట్టాక, టేపు వేసే ముందు, రిమ్ము లోపల మార్కరుతో తేదీ వేసి ఒక ముక్క రాస్తావు. మళ్లీ ఎవరైనా విప్పితే తప్ప కనబడని రాత. పందెం అయిన సాయంత్రం నువ్వు ఆ చక్రాన్ని స్టాండులో పెట్టుకుని గంటసేపు కూర్చుంటే, ఓడినవాడి దిగులులే అని నేను పక్కకి వెళ్లిపోయాను. ఏం రాశావో నాకెలా తెలుస్తుంది?

పిల్ల పైకే చదివింది. "డిస్కు నీలమెక్కింది. బావ బ్రేకు వదల్లేదు. అక్కకి చెప్పను."

ఒరేయ్, చేతిలో ట్యూబుల డబ్బా ఎప్పుడు పడిందో తెలియదు. చక్రం మధ్యలో బ్రేకు పట్టే ఆ ఉక్కు బిళ్ల, డిస్కు వైపు చూశాను. నీలం. బ్రేకు పట్టుకునే కొండ దిగితే ఆ వేడికి ఉక్కు ఏ రంగు తిరుగుతుందో షాపులో చేరిన మొదటి వారంలోనే నీకు నేర్పింది నేనే. ఆ చక్రాన్ని గోడకి తగిలించేటప్పుడు డిస్కు ఉన్న వైపు గోడకేసి తిప్పింది కూడా నేనే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు. ఆరేళ్లుగా నా తప్పుని నేనే గోడకి తగిలించుకుని, వచ్చినవాళ్లందరికీ వేలుపెట్టి చూపించాను.

అది చాలదన్నట్టు మీ అక్క ఒకటి. డబ్బా చప్పుడు విని లోపలి నుంచి వచ్చింది. పిడుగు ఆ రాత చూపించింది. నాకేమో దొంగకు తేలు కుట్టినట్టుంది. ఆవిడ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కుడిచేతి చూపుడువేలు చాపింది. దాని మీద చిన్న గోరంత మచ్చ. ఇస్త్రీ పెట్టె తగిలిందని అప్పట్లో చెప్పింది, నేను నమ్మాను, మందు కూడా రాశాను. "ఆ రోజు పెద్ద చక్రాల బండి వ్యానులోకి ఎక్కిస్తుంటే ఈ డిస్కు తగిలి కాలింది. చిన్న చక్రాల బండిది చల్లగానే ఉంది" అంది.

ఆరేళ్లు! ఒకే మంచం, ఒకే కంచం, ఆ వేలితోనే వడ్డన. నీకు తెలుసు, ఆవిడకి తెలుసు. ఆవిడకి చెప్పకూడదని నువ్వు మూట కట్టుకుని వెళ్లిపోయావు, నన్ను అడక్కూడదని ఆవిడ నోరు కట్టుకుంది. ఎందుకు చెప్పలేదని అరిచాను. మీరే చెబుతారని చూశాను అంది. నాకింకా దిమ్మ తిరుగుతూనే ఉంది. నీ మీద కోపం కూడా ఉంది, దాచను. ఆ రోజే నా కాలరు పట్టుకుని ఉంటే, ఒక్క రోజు గొడవతో పోయేది కదా.

సరే, రాసేస్తున్నాను. పెద్ద చక్రాల మీద దిగిన మూడుసార్లూ బ్రేకు పట్టాను. గెలవాలని పట్టాను. మోసమే. నీ చక్రాలు ఓడిపోలేదు, నేను ఓడించాను. నన్ను క్షమించు అని అడిగే మొహం లేదు, అయినా అడుగుతున్నాను.

ఇక్కడితో ఆపేద్దును, కానీ పిడుగు సంగతి ఉంది. అది నన్ను ఒక్క మాట అనలేదు. నీ రాత మీదే కొత్త టేపు వేసి, బండి కట్టుకుని, ఏది వేగమో నేనే చూసుకుంటాను అని మంగళవారం పొద్దున కొండకి బయల్దేరింది. ఈసారి మధ్యలో నేను నిలబడ్డాను, బల్లరాయి దగ్గర. చదునుగా ఉండే ఆ రాయి నీకు గుర్తుండే ఉంటుంది, అది దాటగానే కాళ్ల కింద నేల జారిపోయినట్టు దారి కిందికి పడిపోతుంది.

పిల్ల వచ్చిన వేగం చూసి రెండడుగులు వెనక్కి వేశాను. పైనుంచి అక్కడి వరకే పాత బండి కంటే తొమ్మిది సెకన్లు ముందుంది. రాళ్ల మీద చప్పుడే లేదు. నీ కంచం గరిటెనెక్కి దిగినట్టే దిగింది. అయితే బల్లరాయి ఎక్కబోతూ బ్రేకు పట్టేసింది, కాలు కింద పెట్టేసింది. మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ అంతే. మూడోసారి హెల్మెట్టు తీసి రాయి మీద కూర్చుని, "నాన్నా, ఇక్కడ నీకెప్పుడైనా భయం వేసిందా?" అని అడిగింది.

నాకా, భయమా అని నవ్వాను.

అది తలూపింది. అయితే లోపం నాలోనే ఉందన్నమాట అంది. ఇంటికొచ్చి ఆ చక్రం తుడిచి మళ్లీ గోడకి తగిలించింది, డిస్కు మనకి కనబడేలా. పాత బండి కూడా తొక్కనంది. దీనికంటే వేగమైనది ఉందని తెలిశాక దాని మీద ఎలా వెళ్లను అంటుంది. ఆదివారం పోటీలో పేరు తీయించేస్తానని వాళ్లమ్మతో చెప్పింది. నిన్నటి నుంచి సరిగా తినలేదు, ఎవరితోనూ పోట్లాడలేదు. అది పోట్లాడకపోతే ఈ ఇల్లు ఇల్లులా ఉండదు.

అందుకే అడుగుతున్నాను. ఈ ఉత్తరం కొరియరులో వేస్తున్నాను, రేపటికి అందుతుంది, శనివారం లోపల ఒక్కసారి రా. ఆరేళ్లు గోడ మీద ఉన్న చక్రం, స్పోకులు వదులయ్యాయి. బెండు తీయబోతే నా చేతిలో ఇంకా వంకరపోతోంది. చక్రం సంగతి అలా ఉంచు, ఆ పిల్లకి ధైర్యం చెప్పు. అక్కడెందుకు ఆగిపోతోందో నాకు అంతుపట్టడం లేదు. నీ మాటైతే వింటుంది.

ఇట్లు,
మొహం చెల్లని
మీ బావ

తా.క. కవరు మీద నీ చిరునామా రాసి జిగురు రాస్తుంటే మీ అక్క వచ్చి ఉత్తరం ఇమ్మంది. నిలబడే చదివింది. "గెలవాలని పట్టాను" అన్నచోట ఆ మచ్చ వేలు పెట్టి, ఇది అబద్ధం అంది. మీరు పేకాటలో కూడా ఒక్క ముక్క దాచినవారు కాదు, ఇంకెందుకో పట్టారు, అది రాయండి అని కాగితం నా ముందు పెట్టి వెళ్లిపోయింది.

రాస్తున్నాను. మొదటి పరుగు నిజాయితీగానే బయల్దేరాను. చేతులు అదిరే రాళ్ల దగ్గర ఏమీ అదరలేదు. ఎంత వేగంగా వస్తున్నానో నాకే తెలియలేదు. బల్లరాయి కనబడేసరికి తెలిసింది. పుట్టి బుద్ధెరిగాక అంత వేగం నేను చూడలేదు. వేళ్లు వాటంతటవే బ్రేకు మీద బిగుసుకున్నాయి, కింద మీ అక్క కనబడేదాకా వదల్లేదు. తరువాత రెండుసార్లూ పైనుంచే పట్టుకుని దిగాను. నువ్వు చెప్పినదంతా నిజం, నీ చక్రాలు నా ధైర్యం కంటే పెద్దవి. పిరికివాడు అనిపించుకోవడం కంటే మోసగాడు అనిపించుకోవడమే నయమనిపించి, పైన అలా రాశాను. నిన్న కన్నకూతురు అడిగినా నవ్వేశాను.

ఈ ముక్క రాశాక పిడుగుని పిలిచి చదివి వినిపించాను. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. ఎక్కడ పట్టావు నాన్నా, రాయి మీదా, రాయికి ముందా అని అడిగింది. ముందే, అన్నాను. "నేనూ అక్కడే" అంది.

తరువాత అది వెళ్లి చక్రం దింపింది. టేపు ఊడదీసి, మావయ్య వచ్చేలోగా వదులు స్పోకులకి గుర్తులు పెడతానని కూర్చుంది. పేరు తీయించడం గురించి అడగడానికి నాకు భయం వేసింది. ఆ మాట కూడా దానితో చెప్పాను. తీయించనులే, నువ్వు అక్కడే నిలబడు అంది.

రిమ్ములో నీ రాత పక్కన కొంచెం చోటుంది. మార్కరు అడిగి తీసుకుని, ఈ రోజు తేదీ వేసి, బావకి భయం వేసింది, చక్రం తప్పేమీ లేదు అని రాశాను. టేపు మాత్రం వేయలేదు. నువ్వొచ్చి వెయ్యి.