మేకపోతు గడ్డం

1940 మార్చి 4, సోమవారం

మా కార్టూన్ సినిమాల స్టూడియోలో రస్సెల్ టిబ్స్‌ని యానిమేటర్‌ని చేశారు. వాడు చేరి ఎనిమిది నెలలు కాలేదు.

నేను ఇంకింగ్ గదిలో మూడేళ్లుగా ఉన్నాను. పైఅంతస్తు మగాళ్లు పెన్సిల్‌తో గీసి పంపుతారు. కింద మేం ఆడవాళ్లం ఆ బొమ్మ మీద అద్దంలాంటి సెల్యులాయిడ్ షీటు పరిచి సిరాతో దిద్దుతాం. అంతే మా పని. రస్సెల్ ఆర్ట్ స్కూల్లో చదివాడు. నేను మా నాన్న కొట్లో మాంసం చుట్టే కాగితాల మీద నేర్చుకున్నాను.

పోయినేడు నలభై బొమ్మలు పట్టుకెళ్లి డైరెక్టర్ హాస్కిన్స్‌కి చూపించాను. మూడు చూశాడు. నీ గీత భలే శుభ్రంగా ఉందమ్మాయ్, నువ్వు పైకొచ్చేస్తే కింద గది గతేం కాను అన్నాడు. పైన ఆడవాళ్లకు కుర్చీ వెయ్యం అనే ముక్క మాత్రం మింగేశాడు.

ఆ కుర్చీ నాది.

మార్చి 5

రస్సెల్ మా గదంతా కేకు పంచాడు. నేను ముట్టుకోలేదు. అందరూ వెళ్లాక తిన్నాను. బాగుంది. అందుకూ ఒళ్లు మండింది.

మార్చి 7, సాయంత్రం 4

కొత్త పిక్చర్‌లో హీరో మేకపోతు. మంగలి, వాగుడుకాయ. రోజూ వచ్చే ఎలుగుబంటి ఇవాళ ఎదురుగా నక్క షాపులో కూర్చుని గడ్డం గీయించుకుంటుంది. మేకపోతు కిటికీలోంచి చూస్తుంది. కుళ్లుతో కళ్లు బయటికి పొడుచుకొస్తాయి. సీన్ 31. రస్సెల్‌ది.

వరసగా పన్నెండు బొమ్మల్లో మేకపోతుకి గడ్డం లేదు. గీయడం మర్చిపోయాడు!

ఉన్నది ఉన్నట్టు దిద్దాలి, సొంతంగా వెంట్రుక కూడా చేర్చకూడదు. తప్పు కనిపిస్తే చీటీ రాసి పైకి పంపాలి. ఇదీ రూలు. మా సూపర్‌వైజర్ మిసెస్ ప్రూయిట్ వారం వారం చెవిలో పోస్తుంది, నాక్కావలసింది మీ చేతులు తల్లుల్లారా, బుర్రలు కాదు అని.

చీటీ రాశాను. చింపేశాను.

మార్చి 8

పన్నెండూ దిద్దాను. నా జన్మలో ఇంత శుభ్రంగా దిద్దలేదు. మా పని సరిచూసే చెకర్, పెన్సిల్ బొమ్మలతో పోల్చి చూసి సరే అంది. ఒక్కో బొమ్మకి రెండు ఫ్రేములు, తెర మీద సరిగ్గా ఒక్క సెకను. వాణ్ణి కుర్చీలోంచి లాగడానికి చాలు.

జూన్ 15, శనివారం

నిన్న గ్లెండేల్‌లో ప్రివ్యూ. స్టూడియో అంతా వెళ్లాం.

సీన్ 31 వచ్చింది. నక్క షాపు చూసి మేకపోతు కళ్లు పొడుచుకొచ్చాయి. గడ్డం మాయం. మళ్లీ ప్రత్యక్షం.

హాలు పగిలిపోయింది. నా ముందు సీట్లో లావుపాటి ఆవిడ నవ్వలేక మొగుణ్ణి బాదింది. తర్వాతి రెండు జోకులూ ఎవరికీ వినబడలేదు.

బయట హాస్కిన్స్ రస్సెల్‌ని కౌగిలించుకున్నాడు. కుళ్లుతో గడ్డం కూడా లోపలికి పోయింది, ఎలా తట్టిందిరా నీకు అన్నాడు. ఇక ప్రతి పిక్చర్‌లోనూ మేకపోతు కుళ్లుకున్నప్పుడల్లా గడ్డం మాయమవ్వాల్సిందేనట.

రస్సెల్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

నేను బస్సు వదిలేసి నడిచి వచ్చాను.

జూన్ 17

రస్సెల్ నా బల్ల దగ్గరికి వచ్చాడు. సీన్ 31 దిద్దింది నువ్వేనా, చీటీ ఎందుకు పంపలేదు అన్నాడు. మర్చిపోయాను అన్నాను. వెరా, ఆ పన్నెండింట్లో ఒక్క గీతైనా వణకలేదు, మర్చిపోయేవాళ్లు అలా దిద్దరు అన్నాడు.

వెళ్లి చెప్పుకో అన్నాను.

చెప్పలేదు. గొంతు తగ్గించి, తర్వాతి పిక్చర్‌కి ఆ కుళ్లు ముఖం మళ్లీ గీయమంటున్నారు, రెండు రోజులుగా ప్రయత్నిస్తున్నాను, రావట్లేదు, నాకసలు కుళ్లంటే ఎలా ఉంటుందో తెలీదేమో అన్నాడు. నువ్వు గీసిపెట్టు, నా పేరే పడుతుంది, అయినా అడుగుతున్నాను అన్నాడు.

సిరా బుడ్డి నెత్తిన కుమ్మరిద్దామనుకున్నాను.

జూన్ 18, మధ్యాహ్నం 12:20

అంతా భోజనాలకి వెళ్లారు. వాడి కుర్చీలో కూర్చున్నాను. వాడి బల్ల. యానిమేటర్లు బొమ్మకి కావలసిన ముఖం తాము పెట్టి చూసుకునే అద్దం.

చూశాను. కుళ్లు ముఖం పెట్టాల్సిన పనే లేకపోయింది.