సాల్మన్‌కి పట్టించే పొడి

ప్రియమైన మిరపకాయకి,

ఫోన్‌లో రెండో మాటకే పోట్లాట వస్తోందని నువ్వే మాట్లాడుకోవడం మానేద్దామన్నావు. అందుకే కాగితం పట్టుకున్నాను. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మాత్రలు వేసుకుంటోందా, దిండు కింద దాచేస్తోందా?

ఇక అసలు సంగతి. నేను పనికి చేరిన ఈ హోటల్లో పెద్ద వంటాయన మానేస్తున్నాడు. ఆ చోటుకి ముగ్గురం పోటీలో ఉన్నాం. ఒక్కొక్కళ్ళం ఒక్కో చేప వంటకం చేసి యజమానురాలికి పెట్టాలట. ఆవిడ మెచ్చినవాడే ఇకమీద వంటగదికి పెద్ద. నేను ముందూ వెనకా చూడకుండా మన సాల్మన్ పేరు చెప్పేశాను. పైన తియ్యగా కారంగా పొడి పట్టించి ఓవెన్‌లో పెడతామే, అదే.

చెప్పాక గుర్తొచ్చింది. మన హోటల్లో ఇన్నేళ్ళూ పొడి నీ వంతు, ఓవెన్ నా వంతు. నువ్వు కలిపేటప్పుడు తొంగి చూస్తే గరిటె ఎత్తి బెదిరించేదానివి. ఓవెన్ గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు కానీ ఆ పొడిలో ఏం పడుతుందో సగం కూడా తెలియదు.

ఈ ఉద్యోగం వస్తే ఉండటానికి గది కూడా వాళ్ళే ఇస్తారు. ఇక ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. కొలతలు వెంటనే రాసి పంపు.

నీ,
మంటరాయుడు

*

శ్రీవారికి,

"ఇక ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు" అని రాశారు. ఎక్కడికీ అంటే ఇంటికి కూడానా? అత్తయ్య ఉత్తరం చదివి వినిపించమంటే ఆ ఒక్క వాక్యం మింగేసి చదివాను. ఆవిడ ఊరుకుంటుందా? "ఏదో వదిలేశావే" అని కళ్ళజోడు తెమ్మంది. కనబడలేదని అబద్ధం చెప్పాను.

అమ్మ మోకాళ్ళు అడిగారు, మాత్రలు అడిగారు, పొడి అడిగారు. నేనెలా ఉన్నానో అడగడం మర్చిపోయినట్టున్నారు. పోనీలెండి.

ఒళ్ళు మండి, ఉప్పు రెట్టింపు రాసి పంపేద్దామా అనుకున్నాను. మనసొప్పలేదు. రాసుకోండి. కిలో ముక్కకి నాలుగు చెంచాల బెల్లం పొడి, రెండు చెంచాల కారం, మిరియాల పొడి ఒకటి, వెల్లుల్లి పొడి ఒకటి, శొంఠి అర చెంచా, ఉప్పు చెంచాకి కాస్త తక్కువ. ముక్కని పొడిగుడ్డతో అద్ది తడి తీసెయ్యండి. చర్మం కిందికి ఉండాలి. పైన నిమ్మరసం పలచగా రాసి, ఆ తర్వాత పొడి అద్దండి. మీ చెయ్యి మొరటు, రుద్దేస్తారేమో, రుద్దకండి. ఓవెన్ వేడెక్కేదాకా అలా వదిలేస్తే బెల్లం కరిగి చేపని పట్టుకుంటుంది.

ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని కొలత ఇది. మీరు గెలిస్తే నాకు సంతోషమేనా అని మాత్రం అడగకండి.

మీ ఆవిడ

*

ఏమే,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఫోన్ చేశాను, ఎత్తలేదు.

నువ్వు రాసింది రాసినట్టు చేశాను. ఓవెన్‌లో పెట్టిన కాసేపటికే పొగ. తలుపు తీస్తే పైన బొగ్గు, కత్తి దింపితే లోపల పచ్చి. వంటగదిలో అందరూ పని ఆపి చూస్తున్నారు. పోటీలో ఉన్న మీసాలాయన వచ్చి, "ఇది చేపా, చెప్పు అడుగా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఓవెన్ దగ్గర నన్ను చూసి నవ్విన వాళ్ళు ఇంతవరకూ లేరు.

ఉప్పు రెట్టింపు రాద్దామనుకున్నానని నువ్వే రాశావు. ఉప్పు కాదు, బెల్లం రెట్టింపు రాశావు. నేను ఓడిపోయి తోక ముడుచుకుని ఇంటికి రావాలని నీ ప్లాను. ఇంత మాట ఎలా అంటున్నావని ఏడవకు. నాకు అలాగే అనిపించింది, అంటున్నాను.

ఇది సాధన కోసమే, అసలు పరీక్ష వచ్చే శుక్రవారం అని మేనేజరు చెప్పాడు కాబట్టి బతికిపోయాను. అప్పుడూ మాడితే వంటగదికి పెద్ద కావడం అటుంచి, ఇక్కడ తలెత్తుకుని తిరగలేను. నిజం కొలత పంపుతావో, పంపవో నీ దయ.

ఇట్లు,
నీ చేతిలో నవ్వులపాలైనవాడు

*

శ్రీవారికి,

మీ ఉత్తరం చేరింది. ఏడవలేదు. ఏడిస్తే మీరనుకున్నట్టే అవుతుంది కదా, అందుకే.

నేను రాసిన కొలత నిజమైనదే. మన ఓవెన్‌కి సరిపోయే కొలత అది. మన ఓవెన్ తలుపు ఎలా మూసుకుంటుందో మీకు గుర్తు చెయ్యాలా? రబ్బరు పాడైపోతే మీరే తీగ పెట్టి కట్టారు. "నా చేతి కింద అది చెప్పిన మాట వింటుంది" అని వచ్చినవాళ్ళందరికీ గొప్పలు చెప్పేవారు. వినేది కాదండీ. వేడంతా ఆ సందులోంచి పోయేది. చేప పాలిపోయి బయటికి వచ్చేది. రంగు కోసం నేను బెల్లం కొంచెం పెంచాను. సందు పెద్దదయ్యేకొద్దీ ఇంకొంచెం. మీరు ఆ రంగు చూసి మురిసిపోతుంటే చెప్పబుద్ధి కాలేదు. పెంచి పెంచి చివరికి అదే అసలు కొలత అని నా చెయ్యి కూడా నమ్మేసింది. మీ ఓవెన్ తలుపు గట్టిగా మూసుకుంటుందన్న ఆలోచనే రాలేదు నాకు. తప్పంటే అది నా తప్పు.

ఇప్పుడు ఇలా చెయ్యండి. పొడిలో బెల్లం రెండు చెంచాలే వెయ్యండి. మీ ఓవెన్‌లో ఫ్యాను ఉంటే ఆపెయ్యండి. వేడి మామూలుగా పెట్టేదాని కంటే తగ్గించి, ముక్క మీద ఫాయిల్ వదులుగా కప్పండి. గట్టిగా మూస్తే ఆవిరికి పొడి ఊడిపోతుంది. చేప పొరలు విడుతున్నప్పుడు ఫాయిల్ తీసి, మరో చెంచా బెల్లం నిమ్మరసంలో కలిపి పైన పూసి, మళ్ళీ కాసేపు లోపల పెట్టండి. అప్పుడు మాత్రం అక్కణ్ణించి కదలకండి. మీసాలాయన పిలిచినా, దేవుడు పిలిచినా.

ఇదంతా నాకెలా తెలుసా అని బుర్ర చించుకోవద్దు. మీరు వెళ్ళాక తలుపుకి కొత్త రబ్బరు వేయించాను. మొదటి చేప నాకూ మాడింది. సరిచేసుకున్నాను. రోజూ నేనే చేస్తున్నాను, జనం తింటున్నారు. ఇక్కడి కోసం మీరు బెంగపడక్కర్లేదు. నిశ్చింతగా పరీక్షకి నిలబడండి.

ఇట్లు,
మీ ఇంటి మనిషి

*

ప్రియమైన నీకు,

శుక్రవారం అయిపోయింది.

ఫాయిల్ తీసి బెల్లం పూసి మళ్ళీ లోపల పెట్టాను. అద్దంలోంచి చూస్తూ అక్కడే గొంతుక్కూర్చున్నాను. మీసాలాయన నిజంగానే పిలిచాడు. పలకలేదు. పైన పొర బుడగలు వచ్చి, ఎర్రబడి, మెరిసి, సరిగ్గా నల్లబడబోయే ముందు బయటికి లాగాను. యజమానురాలు పెద్దావిడ, మాట తక్కువ. ఒక ముక్క తింది. నీళ్ళు తాగింది. రెండో ముక్క తీసుకుని, పక్కనున్న వేరే పళ్ళేలు వెనక్కి పంపించేసింది. ఉద్యోగం నాదే అన్నారు. సోమవారం లోపల ఒప్పుకుంటున్నానో లేదో చెప్పాలి.

ఎగిరి గంతెయ్యాలి కదా. పాత్రలు తోమేచోటికి వెళ్ళి నిలబడ్డాను. ఆ రంగు నా పనితనం అనుకుని ఇన్నేళ్ళు కాలర్ ఎగరేశాను. నువ్వు నవ్వుకుంటూ బెల్లం పెంచుకుంటూ పోయావు. నిన్ను అన్న మాటలకి క్షమించమని అడిగే ముఖం కూడా లేదు. అయినా అడుగుతున్నాను.

ఒక మాట మాత్రం గుచ్చుకుంటోంది. రోజూ నువ్వే చేసుకుంటున్నావు. ఇక ఓవెన్ దగ్గర నా అవసరం లేదు. నేను వచ్చేసిన రోజు గుమ్మంలో సంచి పట్టుకుని "వెళ్ళనా?" అని అడిగాను. "మీ ఇష్టం" అని నువ్వు ఉల్లిపాయలు తరుగుతూ ఉన్నావు. వెళ్ళద్దంటావని అడిగాను. అనలేదు. మళ్ళీ అడుగుతున్నాను. ఒప్పుకోనా?

నీ,
పెద్ద వంటాయన కాబోతున్నవాడు, లేదా కాకుండా పోయేవాడు

*

ఏమండీ,

సోమవారానికి మీకు అందాలని ఈ ఉత్తరం బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపుతున్నాను. నేరుగా మీ చేతికే ఇమ్మన్నాను.

కిందటి ఉత్తరంలో నేను అబద్ధం రాశాను. ఓవెన్ తలుపుకి కొత్త రబ్బరు వెయ్యలేదు. మీరు కట్టిన తీగ అలాగే ఉంది. మీరు వెళ్ళినప్పటి నుంచి దాన్ని వెలిగించనే లేదు. సాల్మన్ కావాలని వచ్చినవాళ్ళకి ఈరోజు చేప రాలేదని చెప్పి పంపేస్తున్నాను. కూరలూ అన్నం మాత్రం నడుస్తున్నాయి.

మీ తిట్ల ఉత్తరం చదివి ముందు కోపం వచ్చింది. తర్వాత మిమ్మల్ని చూసి నలుగురూ నవ్వారన్న మాట దగ్గర ఆగిపోయాను. మన హోటల్ మూసేసి, చేపలు కొనుక్కుని వీధి చివర బేకరీకి వెళ్ళాను. వాళ్ళ ఓవెన్ మీ హోటల్ ఓవెన్ లాంటిదే. బన్నులకి చేప వాసన పడుతుందని బేకరీ ఆయన లబోదిబోమన్నాడు. అత్తయ్య కుర్చీ వేయించుకుని కూర్చుని ఆయన్ని మాటల్లో పెట్టింది. ఒకటి మాడింది. ఇంకొకటి మాడింది. ఫాయిల్ బిగించి కప్పితే పొడంతా నీళ్ళలా కారిపోయింది. కుదిరేసరికి రెండు చేతులూ బొబ్బలెక్కాయి. "వాడు గెలిస్తే రాడే, తెలిసే చేస్తున్నావా?" అని అత్తయ్య అడిగింది. తెలిసే చేస్తున్నానన్నాను. ఆవిడ ముఖం తిప్పేసుకుంది.

ఇదంతా ముందే రాస్తే మొహమాటానికి వచ్చేస్తారని దాచాను. మొహమాటానికి వచ్చే మొగుడితో నేను కాపురం చెయ్యలేను.

ఆ రోజు ఉల్లిపాయలు ఎందుకు తరిగానో మీకు తెలియదా? తలెత్తితే మీరు చూస్తారని. వెళ్ళద్దని నోటిదాకా వచ్చింది. బతిమాలి ఆపితే రేపు నన్ను దెప్పుతారని పౌరుషానికి పోయాను.

ఈసారి మీ ఇష్టం అనను. నా ఇష్టం చెబుతున్నాను. ఒప్పుకోకండి. ఇక్కడ జీతం లేదు, గొప్పా లేదు, ఆ ఓవెన్ బాగుపడుతుందని కూడా నేను మాటివ్వలేను. అయినా అడుగుతున్నాను. మీరు లేకుండా నాకు ఏమీ బాగుండటం లేదు. వచ్చెయ్యండి.

మీ ఆవిడ