తోమిన రూపాయి

ఏప్రిల్ 22

రూపాయిని సీలేసిన ప్లాస్టిక్ డబ్బా వచ్చింది. లేబుల్ మీద గ్రేడ్ నంబర్ లేదు. క్లీన్డ్ అని ఉంది. అంతే. తాత కాలం నుంచి మా బోటు మూతికి పసుపు గుడ్డలో కట్టే విక్టోరియా రాణి రూపాయికి, నాణేలకు గ్రేడ్ వేసే ముంబై కంపెనీ ఇచ్చిన తీర్పు ఒక్క మాట.

మంచి గ్రేడ్ వస్తే నెల్లూరులో నాణేల వ్యాపారి సుకుమార్ కొంటానన్నాడు. ఆ డబ్బుతో ఇంజను. పోయిన డిసెంబరులో ఇంజను ఆగి నాన్న రోజంతా అలల మీద కొట్టుకుపోయాడు. నా స్నేహితుడు మస్తాన్ వాళ్ల బోటు తాడేసి లాక్కొచ్చింది. వేట నిషేధం జూన్ 14 దాకా. ఆలోపు కొత్త ఇంజనన్నా రావాలి, రూపాయన్నా మూతికి తిరిగి రావాలి. నాన్నది ఒకటే మాట.

కంపెనీని నోటికొచ్చినట్టు తిట్టాను. అమ్మ ఎండుచేపల బుట్ట దించి డబ్బాను తిప్పి చూసింది. మన రూపాయి ఏం తప్పు జేసిందని జైల్లో ఏసినార్రా పెంచలా అంది. క్లీన్డ్ అంటే ఏందని అడిగింది. చెప్పాను. మొహం వెలిగిపోయింది. నేనే గదరా తోమింది, ఏటా గంగమ్మ పూజకి తోముతానా, ఈసారి పెద్దోళ్లు చూస్తారని చింతపండులో బూడిద గూడా ఏసి రుద్దినా, మురికి రూపాయి పంపితే మన పరువేం గావాల అంది.

తోమితే నాణెం విలువ చస్తుంది. ఆమెకి ఆ మాట చెప్పలేకపోయాను.

ఏప్రిల్ 23

నాణేలు చూసే భూతద్దం, లూప్ పెట్టి చూశాను. రాణి చెంప మీద సన్నటి గీతలు. అన్నీ ఒకే వైపు, అమ్మ చెయ్యి తిరిగే వైపు. కంపెనీ చెప్పింది కరెక్టే. అందుకే ఇంకా మండుతోంది.

మే 4

కటింగ్ ప్లయర్‌తో డబ్బా పగలగొట్టాను. యూట్యూబ్‌లో అందరూ చేసే పనే. అదే రూపాయి, అదే కంపెనీ, ఈసారి మస్తాన్ పేరుతో పంపుతున్నాను. ఫెయిలైనోడు పేరు మార్చుకోని మళ్లీ పరీక్ష రాస్తన్నట్టుందిరా అని మస్తాన్ పడీ పడీ నవ్వాడు. ముందు సంతకం పెట్టి చావు అన్నాను.

మే 27

రాలేదు. బొగ్గు యార్డులో డ్యూటీ దిగడం, ఫోన్ చూడడం, తిట్టుకోవడం.

జూన్ 9

ఏయూ 55.

పెద్దగా చేతులు మారని నాణెం అని అర్థం. క్లీన్డ్ అన్న మాటే లేదు. నాణెం మారిందేమోనని చూశాను. అంచున అదే నొక్కు. చెంప మీద అవే గీతలు.

నేను కోరుకున్నదే వచ్చింది. గోడకేసి కొట్టాలనిపిస్తోంది. ఏప్రిల్‌లో కంపెనీకి ఉన్న కళ్లు జూన్‌కి ఏమయ్యాయి? నేను జీతంలో మిగుల్చుకుని, ఇదే కంపెనీ లేబుల్ నమ్మి కొన్న డబ్బాలన్నీ మంచం మీద పోశాను. వీటిల్లో ఎన్ని తోమినవో. ప్లాస్టిక్‌లోంచి ఏదీ సరిగ్గా కనపడదు.

నాన్న సంతోషంగా ఇంజను బేరం చేసి వచ్చాడు.

జూన్ 12

సుకుమార్ రూపాయిని చూడలేదు. లేబుల్ చూశాడు, కోడ్ స్కాన్ చేశాడు, టీ చెప్పాడు. ఇది తోమిన నాణెం, లూప్ పెట్టి చూడన్నా అన్నాను. ఎందుకన్నానో. చూశాడు. తెలస్తానే ఉండాదబ్బా, అయినా నేను కొనేది డబ్బాని, లోపలుండేది నాకెందుకు అన్నాడు. ఎవరికి అమ్ముతావని అడిగాను. తడ ఫ్యాక్టరీలో ఒక పిల్లోడుండాడు, నీ మాదిరే వీడియోలు చూసి నేర్చుకున్నోడు, లేబులుంటే కళ్లు మూసుకోని కొంటాడు అన్నాడు.

నీ మాదిరే.

ఆ పిల్లోడికిచ్చే బిల్లు మీద తోమింది అని రాయమన్నాను. రాస్తే ఎవుడు కొంటాడు సామీ, నీకు ఇంజను గావాల్నా బిల్లు గావాల్నా అన్నాడు. డబ్బు బల్ల మీద పెట్టాడు. డిసెంబరు సముద్రం కళ్లముందుకొచ్చింది. అయినా డబ్బా జేబులో వేసుకుని బయటపడ్డాను. టీ కూడా తాగలేదు.

జూన్ 13

నాన్నకి చెప్పాను. వల అల్లడం ఆపలేదు. ఎవుడో తడ పిల్లోడి కోసరం నన్ను నీళ్లలో వదిలేస్తావా అన్నాడు. పాత ఇంజను విప్పించడానికి మెకానిక్ కోసం వెళ్లాడు. నేను నాన్నతో వేటకి పోవడానికి యార్డులో లీవు అడిగాను. కుదరదన్నారు. మీరిచ్చేదేంది అని వచ్చేశాను.

జూన్ 15, తెల్లవారుజామున

డబ్బా మళ్లీ పగలగొట్టాను. అమ్మ రూపాయిని చింతపండుతో తోమింది. నీళ్లు నేనే పోశాను. రూపాయి పసుపు గుడ్డలో మళ్లీ బోటు మూతికెక్కింది.

పాత ఇంజను మూడో లాగుడికి అందుకుంది. నాన్న నా వైపు చూడకుండా పక్కకి జరిగి చోటిచ్చాడు. ఎక్కుతున్నాను.