అమ్మమ్మ పళ్లు తోమిన బూడిద

కోరుట్ల, సోమవారం

అమ్మా,

ఇద్దరం క్షేమం. ఫోన్‌లో చెబితే అమ్మమ్మ పక్కనే కూర్చుని వింటుందని కార్డు రాస్తున్నాను.

వారంగా ఆమె జావ తప్ప ఏమీ తినలేదు. జగిత్యాల తీసుకెళ్లాను. డాక్టరు కట్టుడు పళ్లు తీయించి చూస్తే చిగుళ్లన్నీ పుండ్లు. ఆ పళ్లను రోజూ గిన్నెల్లా బూడిదతో తోముతోందట, పడుకునేటప్పుడు కూడా తీయడం లేదట. బూడిద గీసిన గీతల్లో సూక్ష్మజీవులు చేరాయన్నాడు. "గింత తెల్లగ తోమిన, గా పండ్లల్ల పురుగులెక్కడియి సారూ?" అని కొట్లాడింది.

మెత్తని బ్రష్షుకూ సబ్బునీళ్లకూ ఒప్పుకుంది. పళ్లు తీసి పడుకోవడానికి మాత్రం ఒప్పుకోలేదు, "బోసినోరు ఎవ్వలకు సూపియ్య" అంది. నిన్న రాత్రి పడుకునే ముందు తనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పళ్లు నా చేతికిచ్చింది.

శుక్రవారం మా లైబ్రరీకి సెలవు, ఆమెను సిరిసిల్లకు తీసుకొస్తాను. మూత ఉన్న డబ్బా ఒకటి తీసిపెట్టు. అందులో చన్నీళ్లే పోయాలి, వేడినీళ్లకు పళ్లు వంగుతాయి. ఆమె పక్కను లోపలి గదిలో వెయ్యి. తమ్ముడు నవ్వకుండా చూడు. నాన్న దగ్గు తగ్గిందా?

ఇంతవరకు రాసేసరికి అమ్మమ్మ వచ్చింది. "నా పండ్ల ముచ్చట కార్డు మీద రాయకు బిడ్డా, పోస్టాయన సదువుతడు" అంది. అందుకే కార్డును కవరులో పెట్టి పంపుతున్నాను. మీ అందరికీ ఆమె దీవెనలు.

నీ బిడ్డ,
హేమలత