మీ ఊరి టైము

ఫ్రీమాంట్

అమ్మకు రేణు నమస్కారాలు. ఇక్కడ ఆయన, హాసిని క్షేమం. నీ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను.

మా పక్కింటి ఉమక్క విజయనగరం వస్తోంది కాబట్టి ఈ ఉత్తరం ఆమె చేతికిస్తున్నాను. ఈ మాటలు ఫోన్‌లో నా నోట రావు. ఆవకాయ అందిందా అని మెసేజ్‌లో అడిగావు. అందింది. హాసిని ముక్కను నీళ్ళలో కడుక్కుని మరీ తింటోంది. అంగన్‌వాడీలో వంట ముగించి నేను ఫోన్ పట్టుకుని కూర్చుంటే నువ్వు చేయడం మానేశావు, కోపమా అని కూడా అడిగావు. కోపం కాదమ్మా.

నీ మధ్యాహ్నం నాకు అర్ధరాత్రి. ఆయనకు ఇండియా ఆఫీసుతో కాల్స్, నాకు నీతో. పగలు ఎవరైనా తలుపు కొడితే ఇంగ్లీషులో మాట్లాడాలని భయం. హాసినిని బడికి పంపి, తెరలు దించి పడుకునేదాన్ని. వంటింటి గడియారం కూడా మీ టైముకే పెట్టుకున్నాను. అది చూసి, అమ్మ ఇప్పుడు బియ్యం కడుగుతోంది, ఇప్పుడు పిల్లలకు గుడ్లు పంచుతోంది అనుకునేదాన్ని.

నిరుడు రొమ్ములో చిన్న గడ్డ తీశారని చెప్పాను కదా. అది కాన్సర్. డాక్టర్ రష్మి ఇక్కడే పుట్టిన మన తెలుగుపిల్ల. "మీరు రోజూ ఎన్నింటికి స్లీప్ అవుతారు?" అని అడిగింది. నేను తల దించుకున్నాను.

"తను ఇంకా విజయనగరం టైమ్‌లోనే ఉంది డాక్టర్" అన్నారు ఆయన. ముగ్గురం నవ్వాం.

తర్వాత ఆమె బొమ్మ గీసి చెప్పింది. "ప్రతి సెల్‌లో ఒక క్లాక్ ఉంటది. క్లాక్ జీన్స్ దాన్ని నడిపిస్తాయ్. ట్యూమర్‌లో అది పాడైతే సెల్స్ ఆగకుండా పెరగొచ్చు. ఇమ్యూన్ సెల్స్ పక్కనుంచే వెళ్తాయ్, పట్టుకోవ్."

ఒంట్లో కాపలా కాసేవే ఆ జబ్బును ఇంటిమనిషి అనుకుంటున్నాయన్నమాట.

ఆ కాపలాను లేపే మందు పొద్దుటిపూట ఎక్కించారు. అప్పుడైతే బాగా పని చేస్తుందేమోనని, ఖాయంగా ఎవరికీ తెలియదని అన్నారు. రాత్రిళ్ళు నిద్రపోవాలన్నారు. అందుకే ఫోన్ మానేశాను.

మందు పని చేయలేదమ్మా. జబ్బు కాలేయానికి పాకింది. పైన క్షేమమని రాసినచోట నా పేరు లేదు, చూసుకో. ఇంకో మందు ఉందంటున్నారు గాని, ఆ మాట చెప్పేటప్పుడు రష్మి నా మొహం చూడలేదు.

"రాత్రంతా మీ అమ్మతో ముచ్చట్లు పెడితే ఇంతే మరి, చెప్తే విన్నావా" అంది ఉమక్క. నీ ముందూ అంటుంది. నమ్మకు. నేనూ రష్మిని అడిగాను. "మీకు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేరు. మమ్మీ ఫోన్ వల్ల అని మాత్రం అనుకోకండి" అంది. అనుకోను. నువ్వూ అనుకోకు. ఈ దేశంలో నాకు తెల్లవారేది ఆ ఫోన్‌తోనే.

నా మంచికేనని ఆయన గడియారాన్ని ఇక్కడి టైముకు తిప్పేశారు. ఇందాక కూర తరుగుతూ తలెత్తి చూశాను. నువ్వేం చేస్తూ ఉంటావో నాకు తోచలేదు.

ఇట్లు,
నీ కూతురు
రేణు