తొమ్మిది మిస్డ్ కాల్స్

మబేలా, మస్కట్
30-11-2025, ఆదివారం

నా బంగారు తల్లి శ్రీవాణికి, ఇంకా పేరు పెట్టని నా మూడు దినాల మనవరాలికి, మీ నాయిన ఇస్తారి రెండు చేతులెత్తి దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, నా మోకాళ్లు, నా షుగరు గోళీలు అందరం బాగున్నాం. అక్కడ నువ్వు, అల్లుడు సురేందర్, నీ మేనత్త ముత్తవ్వ చల్లగా ఉండాలి.

ఫోనులో నాలుగు మాటలైనా మాట్లాడకుండా ఏడ్చానని నవ్వావు. నవ్వు తల్లీ. ఏడవక ఏం చెయ్యను? తాతనయ్యాను! రూములో ఎనిమిది మందికీ లడ్డూలు పంచాను. కింద చాయ్ దుకాణం మలయాళీకి పెట్టాను. మెట్ల మీద ఎవరో పాకిస్తానీ ప్లంబర్ ఎదురొస్తే అతని నోట్లో కూడా కుక్కాను. అతను ముబారక్ ముబారక్ అంటూ నన్ను ఎత్తినంత పని చేశాడు. ఫోటో చూశాను. ఆ ముక్కు మా అమ్మ ముక్కే, ఎవరు కాదన్నా ఒప్పుకోను.

శుక్రవారం నేను ఫోను ఎందుకు ఎత్తలేదని అడిగావు కదా. నోటితో చెప్పలేను, రాస్తాను. అక్షరాలు వంకర పోతే సర్దుకుని చదువుకో.

నీకు బీపీ ఎక్కువగా ఉందని డాక్టరమ్మ చెప్పిన నాటి నుంచి నాకు ముద్ద దిగలేదు. మీ అమ్మ రాజవ్వ రెండో కాన్పులోనే పోయింది, కడుపులో బిడ్డతో సహా. నీకప్పుడు నాలుగేళ్లు. నీ నెలలు నిండుతున్న కొద్దీ నాకు అదే కళ్ల ముందు ఆడింది. కంపెనీ లీవు ఇవ్వలేదని నీకు చెప్పాను. ఇంతలో నేషనల్ డే సెలవులు వచ్చాయి. నా దోస్తు గులాం నబీ నీకు ఎరుకే, కడప ఆయన, ఇక్కడే వాదీ కబీర్ పేటలో స్కూలు బస్సు నడుపుతాడు. అతను వచ్చి, రూములో కూచోని గోడలు చూస్తాంటే ఆడ నీ బిడ్డకు నొప్పులు తగ్గుతాయా సామీ, లెయ్, ఎడారి చూసొద్దాం పా అన్నాడు.

వీపున సంచి తగిలించుకుని కాలినడకన తిరగడం ఇప్పటి పిల్లల సరదా. మాకెక్కడివి అలాంటి సంచులు? నబీ కూతురు అస్రా పాత స్కూలు సంచి నా వీపు మీదికెక్కింది. గులాబీ రంగు, మీద పిల్లి బొమ్మ. అరవై ఒక్కటో ఏట బడికి పంపుతున్నవా భాయ్ అన్నాను. ఫెయిలైతే మళ్లా అదే క్లాసులో కూచోబెడతా అన్నాడు నబీ.

గురువారం బిదియా ఊరి దాకా బస్సులో పోయి, అక్కడి నుంచి ఇసుకలో రెండు గంటలు నడిచాం. చుట్టూ మిద్దెలంత ఎత్తు ఇసుక దిబ్బలు, వాటి నడుమ దోసిట్లో పోసినట్టు ఖర్జూరపు తోట. సన్నటి కాలువలో నీళ్లు గలగల పారుతున్నాయి. ఇరవై రెండేళ్లుగా ఈ దేశపు ఇసుకను సిమెంటులో కలపడమే తప్ప, ఇంత అందంగా ఉంటుందని నాకు తెలియదు. తోట చూసుకునే ముసలాయన ఖల్ఫాన్ మాకు ఖర్జూరాలు పెట్టి, కహ్వా, అదే వీళ్ల కాఫీ, పోసి, పడుకోవడానికి చాప ఇచ్చాడు. ఫోనుకు మాత్రం సిగ్నల్ లేదు.

శుక్రవారం సాయంత్రం నబీ నమాజుకు నిలబడ్డాడు. నేను సంచి అక్కడే వదిలి, ఒక్క దిబ్బ ఎక్కి చూద్దామని ఎక్కాను. పైకి చేరగానే జేబులో ఫోను గుర్రుమంది. మెసేజ్. ముత్తవ్వ అత్త నుంచి తొమ్మిది మిస్డ్ కాల్స్.

మన ఇంటి లెక్క నీకు తెలుసు. ఒక మిస్డ్ కాల్ కొడితే అంతా క్షేమం. రెండు కొడితే తిరిగి ఫోన్ చెయ్. మూడు కొడితే ఆపద. నేను గల్ఫ్‌కు వచ్చిన ఏడాది నీ అత్తా నేనూ పెట్టుకున్న లెక్క. మా నాయిన పోయినప్పుడు మూడే వచ్చాయి. తొమ్మిదంటే మూడు మూళ్లు. ఒక ఆపద నీది, ఒకటి బిడ్డది అనుకున్నాను. మూడోది ఎవరిదో నాకు అంతుపట్టలేదు.

ఫోను చేశాను, పోలేదు. సిగ్నల్ గీత ఒకటి వచ్చి మాయమైంది. పక్క దిబ్బ ఇంకా ఎత్తుగా కనబడింది. అది ఎక్కాను. అక్కడా లేదు. దాని వెనక ఇంకోటి. మోకాలి దాకా దిగబడుతూ, ఫోను నెత్తి మీద ఎత్తి పట్టుకుని, శ్రీవాణీ శ్రీవాణీ అనుకుంటూ ఎన్ని ఎక్కానో నాకే తెలియదు. ఒక చెప్పు ఎక్కడో ఇసుకలో ఉండిపోయింది. చివరికి వెనక్కి తిరిగి చూస్తే తోట లేదు. ఒక్క చెట్టు కొన లేదు. గాలి లేచింది. నా అడుగులు నా కళ్ల ముందే పూడుకుపోతున్నాయి.

అరిచాను. ఆ ఇసుక గొంతును తాగేస్తుంది తల్లీ, తిరిగి ఏమీ రాదు. ఎటు చూసినా అదే దిబ్బ, అదే నీడ. పొద్దు కుంగుతోంది. నీళ్ల సీసా సంచిలో, సంచి తోటలో. ఇసుకలోనే కూర్చున్నాను. చావంటే అంత భయం లేదు. కానీ నీకు ఏమైందో తెలియకుండా నేను ఇక్కడ పోతే, నాకు ఏమైందో తెలియకుండా నువ్వు అక్కడ పోతే, తండ్రీ బిడ్డా ఒకరి కోసం ఒకరు ఏడ్చుకోవడానికి కూడా మిగలరు కదా అనుకున్నాను.

పొద్దు మునిగే వేళకు బండి చప్పుడు వినబడింది. ఖల్ఫాన్ పికప్. పల్లంలో గాలి తగలని చోట మిగిలిన అడుగులు పట్టుకుని వచ్చాడట. ఒక కాలికి చెప్పు ఉన్న మనిషి ఈ ఎడారిలో ఒక్కడే దొరుకుతాడు అన్నాడట, నబీ తెలుగులో చెప్పాడు. నబీ బండి ఆగకముందే దూకి, యాడికి పోయినావురా నా కొడకా, నీ బిడ్డకు ఏం జవాబు చెప్పాల నేను, అని వీపు మీద రెండు చరిచి, తర్వాత నన్ను పట్టుకుని తనే ఏడ్చాడు. తొమ్మిది కొట్టింది మా అక్క, తారు రోడ్డుకు పోనీయండి అని ఒకటే మాట అన్నాను.

రోడ్డెక్కాక గీతలు నాలుగూ వచ్చాయి. ఫోను నబీ చేతికిచ్చాను. నబీయే నొక్కి నా చెవికి పెట్టాడు. అత్త ఎత్తుతూనే, ఎక్కడ సచ్చినవ్‌రా తమ్మీ, తొమ్మిదిసార్లు చేస్తి, ఎత్తవేందిరా, లచ్చిమి పుట్టింది, తల్లీ పిల్లా మంచిగున్నరు అంది. మూడు కొడితే ఆపదని కదా అక్కా అంటే, అయ్యో పిచ్చోడా, అవి మిస్డ్ కాల్స్ గావురా, నువ్వు ఎత్తుతవని నిజంగనే చేసిన అంది. నేను రోడ్డు మీదే సాగిలపడ్డాను. ఖల్ఫాన్ భయపడి నీళ్లు చల్లాడు.

అదీ సంగతి. తల్లీ, చన్నీళ్లు ముట్టకు. అత్త మాట విను. పసిదాని మాడు ఒకసారి నా బదులు వాసన చూడు. లీవు దొరికిన రోజు వచ్చి నేనే చూస్తాను.

సంతోషంతో ఒళ్లు తెలియని మీ నాయిన,
ఇస్తారి

మరొక మాట: పైన రాసింది మళ్లీ చదువుకున్నాను. ఇలా పంపలేను. కంపెనీ లీవు ఇవ్వలేదన్నది అబద్ధం. పదో తారీఖునే ఇచ్చారు. నేనే వద్దన్నాను. నబీ నన్ను లాక్కుపోలేదు. ఫోను మోగని చోటు ఎక్కడైనా ఉంటే అక్కడికి తీసుకుపో అని నేనే అతన్ని బతిమాలాను. మీ అమ్మ పోయిన రోజు నేను ఆసుపత్రి వరండాలోనే ఉన్నాను. రాజవ్వ మనుషులు ఎవరయ్యా అని నర్సు బయటికొచ్చి పిలిచింది. ఆమె గొంతులోనే నాకు అర్థమైంది. పలకలేదు. గేటు దాటి బస్టాండు దాకా నడిచిపోయాను. అత్తే లోపలికి పోయింది. ఈ సంగతి అత్త ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఈసారి ఇంకా దూరం పారిపోయాను తల్లీ.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. వద్దన్న ఆ లీవే మళ్లీ అడిగి తీసుకుని, బుధవారం పొద్దున నేనే తెస్తున్నాను. సురేందర్ చేతికిచ్చి లోపలికి పంపుతాను. నువ్వు చదువుతున్నంతసేపు తలుపు బయటే ఉంటాను. కోపం వస్తే ఎంతసేపైనా నిలబెట్టు. ఎక్కడికీ పోను.